పొదిగే యంత్రం పల్లెకు ఎప్పుడు వస్తుంది?

2025 జూన్‌లో చిత్తూరు ప్రాంతపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయలతో ట్రాక్టర్లు బారులు తీరి నిలబడిన సంగతి రైతులు ఇంకా మరచిపోలేదు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు ముట్టేట్టు చూడాలని నిర్ణయం జరిగింది. నిర్ణయమైతే జరిగింది గాని, కాయను దించుకునే నాథుడు లేక రాత్రింబవళ్ళు రోడ్డుమీద కాపలా కాసినవారు ఎందరో. కోత కూలి కూడా దండగని కాయను చెట్టుకే వదిలేసినవారు ఇంకొందరు.

ర్యాంపు దగ్గర ధర లేని ఆ కాయే గుజ్జుగా మారి, డబ్బాలో పడి, ఓడ ఎక్కితే దాని విలువ వేరు. మదనపల్లె మార్కెట్లో ఒకనాడు బంగారమై, మరొకనాడు రోడ్డుపక్క పారబోతకు వచ్చే టమోటా కథా అంతే. పంట పండించడం ఒక చోట, దానికి విలువ చేకూర్చడం మరొక చోట. మధ్యలో వున్న లాభం పల్లెకు చేరడం లేదు. ఈ మాట యాభై ఏళ్ళుగా ప్రతి సభలోనూ వినిపిస్తూనే వుంది. విన్నవారు చప్పట్లు కొట్టి ఇంటికి పోతున్నారు.

విచిత్రమేమంటే ఈ ఉమ్మడి జిల్లాకు చదువుల కొరత లేదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడింది. వ్యవసాయ కళాశాల 1961లో, మహిళా విశ్వవిద్యాలయం 1983లో, పశు వైద్య విశ్వవిద్యాలయం 2005లో వచ్చాయి. 2015లో ఐఐటీ, ఐసర్ కూడా చేరాయి. పిడికెడు వూరిలో ఇన్ని విద్యాలయాలున్న చోట్లు దేశంలో ఎన్నో లేవు. కానీ చంద్రగిరి, పాకాల, పలమనేరు పల్లెల్లోని రైతుకు విశ్వవిద్యాలయమంటే కొడుకో కూతురో చదువుకునే చోటు, స్నాతకోత్సవం నాడు పత్రికలో ఫొటో పడే చోటు. అక్కడ తన పని ఒకటి వుందని, తానూ ఆ గేటు దాటి లోపలికి పోవచ్చునని అతనికి చెప్పినవారు లేరు.

ఆ పని ఇప్పుడు వుంది. దాని పేరు ఇంక్యుబేటర్.

పేరు వినగానే బెదరనక్కరలేదు. కోళ్ళ ఫారాలు నిండుగా వున్న ఈ జిల్లాలో ఇంక్యుబేటర్ తెలియని పల్లె లేదు. గుడ్డుకు తగిన వెచ్చదనం, తేమ ఇచ్చి, వేళకు అటూ ఇటూ తిప్పి, 21 రోజులకు పిల్లను బయటకు తీసే యంత్రం అది. వ్యాపారాన్ని పొదిగే చోటుకూ ఆ పేరే పెట్టారు. అందులో హాస్యం లేకపోలేదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బటావియా అనే చిన్న వూళ్ళో వ్యవసాయ యంత్రాలు చేసే పెద్ద ఫ్యాక్టరీ మూతపడి జనం పనులు లేక వీధినపడ్డారు. జోసెఫ్ మాంకూసో అనే వ్యాపారి 1959లో ఆ ఖాళీ భవనాన్ని గదులు గదులుగా విడగొట్టి, చిన్న చిన్న వ్యాపారస్తులకు అద్దెకిచ్చి, వారికి అప్పు పుట్టే దారీ, లెక్కల సలహా కూడా చూపించాడు. అద్దెకు వచ్చినవారిలో కోడిపిల్లల హేచరీ కూడా ఒకటి వుంది. అక్కడ కోళ్ళను పొదుగుతున్నారు, ఇక్కడ వ్యాపారాలను పొదుగుతున్నాం అన్న సరదా మాట నుంచి ఆ పేరు స్థిరపడింది. ఫ్యాక్టరీ పోయిన వూరు తన కాళ్ళమీద తాను నిలబడటానికి పుట్టిన ఏర్పాటు ఇది. పెద్ద నగరాల అద్దాల మేడల కోసం పుట్టింది కాదు.

మన దేశంలోనూ ఇది నిన్న మొన్నటిది కాదు. పక్కనే వున్న తిరుచ్చిలో ఇంజనీరింగ్ కళాశాల అండతో 1986లోనే ఇటువంటి పార్కు ఏర్పడింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2003లో వ్యవసాయ వ్యాపారాల కోసం ప్రత్యేకంగా ఇంక్యుబేటర్ తెరిచింది. ఆ తరువాత 2018-19 నుంచి కేంద్రం రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద దేశంలో 24 చోట్ల వ్యవసాయ ఇంక్యుబేటర్లను ఎంపిక చేసింది. ఆ 24లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానిది ఒకటి. అది వున్నది తిరుపతిలోనే. ఇక మహిళా విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీతో ముడిపడిన వ్యాపారాలు పెట్టదలచిన మహిళల కోసం బైరాక్ సాయంతో ‘బయోనెస్ట్’ ఏర్పడింది. 2025 ఆగస్టు 20న మంగళగిరిలో ప్రారంభమైన రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్‌కు కూడా తిరుపతి ఒక శాఖా కేంద్రం. అంటే పొదిగే యంత్రాలు జిల్లా వాకిట్లోకే వచ్చి కూర్చున్నాయి. గుడ్లు మాత్రం పల్లెల్లో చల్లబడిపోతున్నాయి.

ఇంతకూ ఈ కేంద్రాలు చేసేదేమిటి? డబ్బు పంచుతాయని కొందరి ఊహ. డబ్బు వుంది. కానీ అది అన్నిటికన్నా ముఖ్యమైనది కాదు. ఈ సంగతి తెలియాలంటే వేరుశనగ ఉండలు చేసే ఓ ఇల్లాలిని ఊహించుకుంటే చాలు.

ఆమె చేతి ఉండలకు వూళ్ళో పేరుంది. తిరునాళ్ళలో, పెళ్ళిళ్ళలో అమ్ముడుపోతున్నాయి. తిరుపతి పట్నంలోని పెద్ద దుకాణంలో పెట్టిద్దామని తీసుకుపోతే అక్కడ మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని రోజులు నిలవ వుంటుంది? లైసెన్సు నెంబరు ఏది? పరీక్ష చేయించిన కాగితం ఏది? ఆమె దగ్గర వున్నది రుచి ఒక్కటే. ఆ మూడు ప్రశ్నలకు జవాబు లేక, ఉండల మూటతో బస్సెక్కి తిరిగి వస్తుంది. ఇంట్లోవాళ్ళు ‘మనకెందుకమ్మా ఈ తలనొప్పి’ అంటారు. ఒక పరిశ్రమ అక్కడితో చచ్చిపోతుంది. దానికి ఏ లెక్కల్లోనూ చోటుండదు.

ఆ మూడు ప్రశ్నల్లో గట్టిది పరీక్ష. వేరుశనగను కాయ దశలో వాన చిన్నచూపు చూస్తే, లేదా కోత తరువాత తడి ఆరకుండా బస్తాకెత్తితే, కంటికి సరిగా ఆనని బూజు పడుతుంది. ఆ బూజు విడిచే విషం పేరు అఫ్లాటాక్సిన్. కాలేయానికి చేటు చేస్తుంది. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి వుండరాదని ఐరోపా దేశాల నిబంధన. భారత ప్రమాణాలు అంతకంటే కొంత ఉదారమైనవి. 4 మైక్రోగ్రాములంటే, పది టన్నుల లారీ పప్పు మొత్తం మీద 40 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కూడా అంతకన్నా ఎన్నో రెట్లు బరువు తూగుతుంది. దీన్ని ఏ ఇల్లాలు కంటితో చూసి కనిపెట్టగలదు? దానికి ప్రయోగశాల కావాలి. ఆ ప్రయోగశాల పెట్టుకునే స్తోమత కోటీశ్వరునికి వుంటుంది, లేదా విశ్వవిద్యాలయానికి వుంటుంది.

అసలు ఉపాయం మాత్రం ఖరీదైనది కాదు. ముడుచుకుపోయిన గింజలు, పొట్టు చిట్లినవి, రంగు మారినవి ఏరివేస్తే విషం చాలా మటుకు ఆ ఏరిన దాంతోనే పోతుంది. కాయల్ని తొమ్మిది శాతం తేమకు లోపల ఎండబెట్టి నిలవ చేస్తే బూజు పెరగదు. కానీ ఏరింది చాలిందా లేదా, ఎండింది సరిపోయిందా లేదా అన్నది కొలిచి చెప్పేవారుండాలి. ఇంక్యుబేటర్ చేయవలసిన పని అది. పరీక్ష చేయించి, ఉండ ఎన్నాళ్ళకు ముక్కిపోతుందో చూసి, ఏ పొట్లంలో పెడితే గాలి తగలదో చెప్పి, ఆహార లైసెన్సు దరఖాస్తు నింపించి, ఆ 14 అంకెల నెంబరు చేతికి వచ్చేదాకా వెంట వుండటం. ఉండ ఆమెదే, రుచీ ఆమెదే. మధ్యలో తెగిన దారిని కలపడమే కేంద్రం వంతు.

సొంతంగా పెద్ద యంత్రం కొనలేనివారికి యంత్రాన్ని గంటల లెక్కన వాడుకోనివ్వడం కూడా ఇలాంటి చోట్ల పద్ధతి. తెలియని యంత్రానికి లక్షలు పోసి, అది తన సరుకుకు పనికిరాదని తెలుసుకుని, పాత ఇనుము కింద అమ్ముకున్నవారు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. ముందు వాడి చూసి తరువాత కొనుక్కునే అవకాశం ఒక్కటి వున్నా, ఎన్ని ఇళ్ళు తాకట్టు పడకుండా మిగిలేవో!

ఇక డబ్బు సంగతి. కృషి వికాస్ యోజన మార్గదర్శకాల ప్రకారం ఎంపికైనవారికి మొదట రెండు నెలల శిక్షణ, ఆ కాలంలో నెలకు 10,000 రూపాయల భృతి. ఆలోచన దశలో వున్నవారికి 5 లక్షల వరకు, సరుకు తయారై అమ్మకం దశకు వచ్చినవారికి 25 లక్షల వరకు సాయం. మొదటి రకంలో నూటికి 90, రెండవ రకంలో నూటికి 85 వంతులు గ్రాంటు. మిగతాది పెట్టుకోవలసింది తానే. ఇది బ్యాంకు అప్పు కాదు, వడ్డీ లేదు. కానీ ఉచితంగా ఊడిపడేదీ కాదు. మొత్తం ఒక్కసారి చేతిలో పెట్టరు. విడతల వారీగా, పని చూసి ఇస్తారు. ఖర్చుకు లెక్క అడుగుతారు. పంట రుణం మాఫీ అయినట్టు ఇదీ ఎప్పుడో మాఫీ అవుతుందిలే అనుకుని దిగేవారు దిగకపోవడమే మేలు.

ఇక్కడే పల్లెవారికి కాళ్ళకడ్డం పడే మరో మెలిక వుంది. పెద్ద మొత్తపు సాయం వ్యక్తికి రాదు, నమోదైన సంస్థకు వస్తుంది. ప్రభుత్వం ఇచ్చే ‘స్టార్టప్’ గుర్తింపు పొందాలంటే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, భాగస్వామ్య సంస్థ వంటి నమోదైన సంస్థ కావాలి. ఒక్కరి పేర నడిచే దుకాణానికి గాని, పొదుపు సంఘానికి గాని అది దొరకదు. కంపెనీ పెడితే ఏటా ఆడిట్ వుంటుంది, లెక్కలు దాఖలు చేయాలి, మరచిపోతే జరిమానా. పొదుపు సంఘంలో పదేళ్ళుగా పైసా తేడా లేకుండా లెక్క రాసిన మహిళకు ఇదేమీ చేతకాని పని కాదు. కానీ ముందుగా చెప్పేవారుండాలి. కొన్ని ఇంక్యుబేటర్లు తాము చేసిన సాయానికి బదులుగా కంపెనీలో కొంత వాటా అడుగుతాయి. అది తప్పు కాదు. ఎంత వాటా, ఎన్నాళ్ళు, తరువాత తిరిగి కొనుక్కోవచ్చునా అన్నది సంతకానికి ముందే అడిగి తెలుసుకోవడం సంతకం పెట్టేవారి హక్కు. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వ్యాపారంలో పనికిరాదు.

ఇంత వున్నా పల్లె గడప దాటి అక్కడికి పోయేవారు ఎందుకు తక్కువ? తప్పు పల్లెవారి మీదికి నెట్టడం తేలిక. చొరవ లేదని, చదువు లేదని అంటారు. నిజానికి పిలుపే వారికి అర్థమయ్యే భాషలో రావడం లేదు. ఇటువంటి పథకాల ప్రకటనలు సాధారణంగా ఆన్‌లైన్‌లో, ఇంగ్లీషులో వెలువడతాయి. దరఖాస్తు ఇంగ్లీషులో. ఎంపిక నాడు తెరమీద బొమ్మలు వేసి, ఐదు నిమిషాల్లో తన వ్యాపారం గొప్పతనం చెప్పాలి. ఐదు నిమిషాల్లో ఇంగ్లీషులో మాట్లాడగల కుర్రవాడికి టమోటా గురించి ఏం తెలుసో గాని, ముప్పయ్యేళ్ళుగా టమోటా పండించి, ఏ కాయ ఎన్ని రోజులు ఆగుతుందో చేత్తో పట్టి చెప్పగల రైతు మాత్రం ఆ గదిలోకే రాలేడు. పొదిగే యంత్రంలోకి మంచి గుడ్డును ఏరడానికి హేచరీవాడు దీపం పట్టి లోపల చూస్తాడు. పెంకు నిగనిగలాడుతోందా అని చూడడు.

ఇందులో విశ్వవిద్యాలయాలను మాత్రమే నిందించి లాభం లేదు. ఎందరికి శిక్షణ ఇచ్చారు, ఎంత గ్రాంటు ఇచ్చారు అన్న లెక్క పైనుంచి అడుగుతారు. ఎంపికైనవారిలో ఎందరు పల్లెలో వుండి, పల్లెలో పని పెట్టి, పల్లెవారికి కూలి ఇస్తున్నారు అని ఎవరూ అడగరు. అడగని లెక్కను ఏ ఆఫీసూ రాయదు. మూడేళ్ళ తరువాత ఆ సంస్థల్లో ఎన్ని బతికి వున్నాయో కూడా జనానికి తెలియాలి. అన్నీ బతకవు. వెయ్యి గుడ్లు పెడితే వెయ్యి పిల్లలు వచ్చిన హేచరీ లోకంలో లేదు. ఓడిపోయినవాటి సంగతి దాచిపెట్టకుండా ఎందుకు ఓడాయో చెబితే, తరువాత వచ్చేవాడు ఆ గోతిలో పడడు.

ఆలోచనలకు కరువు వుందా అంటే అదీ లేదు. గుజ్జు ఫ్యాక్టరీల వెనుక ప్రతి సీజన్‌లోనూ కొండల్లా పేరుకునే టెంకలనే చూడండి. ఈగలు ముసిరి, వాన పడితే కుళ్ళి, చుట్టుపక్కల ఊళ్ళవారు ముక్కు మూసుకుని నడుస్తారు. ఆ టెంకలోని జీడిని ఎండబెట్టి పిండితే నూటికి 7 నుంచి 12 వంతుల దాకా కొవ్వు వస్తుంది. ఆ కొవ్వు గుణంలో చాక్లెట్‌లో వాడే కోకో వెన్నకు దగ్గరిది. చాక్లెట్‌లో నూటికి 5 వంతుల దాకా కలుపుకోవడానికి ఐరోపా దేశాలు 2000లో అనుమతించిన ఆరు రకాల కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి. సబ్బులకు, ఒంటికి రాసుకునే క్రీములకు కూడా వాడతారు. దేశంలో ఈ కొవ్వు తీసే కర్మాగారాలు ఇప్పటికే నడుస్తున్నాయి. అయితే టెంక గుట్టలో పడివున్న ప్రతి రోజూ దానిలోని కొవ్వు చెడిపోతూ వుంటుంది. తీసిన వెంటనే కడిగి, ఎండబెట్టి, పగలగొట్టి, జీడిని వేరుచేయాలి. ఇది పెద్ద యంత్రాల పని కాదు. ఫ్యాక్టరీ పక్క పల్లెల్లో ఇరవై ముప్పై మంది మహిళలు కలిసి రెండు నెలలు చేయగల పని. తేమ ఎంత వుండాలి, టెంక పగలగొట్టే మర ఏది మంచిది, కొనేవారు ఎవరు, నాణ్యత పరీక్ష ఎక్కడ? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తిరుపతిలోని శాస్త్రవేత్తల దగ్గర దొరకాలి. టెంకల గుట్ట ఒక పక్క, జవాబులు మరో పక్క. ఈ రెంటికీ నడుమ బస్సు ప్రయాణం రెండు గంటలు కూడా లేదు.

దీనికి కొత్త పథకం అక్కరలేదు, కొత్త భవనం అసలే అక్కరలేదు. శంకుస్థాపన రాళ్ళు జిల్లాలో కావలసినన్ని వున్నాయి. ప్రతి ఊరికీ దగ్గరలో రైతు సేవా కేంద్రం వుంది. నెలకొక రోజు ఇంక్యుబేటర్‌వారు అక్కడికి వచ్చి, తెలుగులో మాట్లాడి, సరుకు చేతిలో పట్టుకుని చూడాలి. దరఖాస్తు తెలుగులో తీసుకోవాలి. రాయలేనివారు చెబితే రాసుకోవాలి. ఎంపిక సభలో తెరమీద బొమ్మకు బదులు బల్లమీద సరుకు పెట్టించాలి. వ్యవసాయ కళాశాల విద్యార్థులు ఎలాగూ పల్లెల్లో కొన్ని వారాలు వుండి పని నేర్చుకుంటారు. తాము దిగిన ఊళ్ళో ఎవరి చేతిలో ఏ పనితనం వుందో వారే జాబితా రాసుకురావచ్చు. కుర్రవారికి అది పరీక్ష మార్కులకన్నా ఎక్కువ చదువు నేర్పుతుంది.

పల్లెవారూ తమ వంతు చేయవలసి వుంది. విశ్వవిద్యాలయం జనం పన్నుల డబ్బుతో నడిచే చోటు. గేటు దగ్గర కాపలావాడిని చూసి వెనుదిరగనక్కరలేదు. తిరుపతికి దేవుని దర్శనానికో, ఆస్పత్రికో, కోర్టుకో పోయే రోజున ఒక గంట మిగుల్చుకుని వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి పోయి ఇంక్యుబేటర్ ఎక్కడని అడగవచ్చు. చేతిలో సంచి, సంచిలో తన సరుకు వుంటే చాలు. పెద్ద పెద్ద మాటలతో పని లేదు. నలుగురు కలిసిపోతే మరీ మంచిది. ఒకరు అడగడం మరచిన ప్రశ్న మరొకరు అడుగుతారు. మొదటిసారి జవాబు సరిగా రాకపోతే రెండవసారి పోవాలి. సంతకం పెట్టిన కాగితం నకలు లేకుండా మాత్రం తిరిగి రాకూడదు.

తోతాపురి కోతలు జూన్‌లో మొదలవుతాయి. టెంకలు ఎండబెట్టే కళ్ళాలు, పగలగొట్టే మరలు, కొనే వ్యాపారులతో ఒప్పందాలు మే నాటికే సిద్ధమై వుండాలి. అంటే ఇంక్యుబేటర్‌వారూ, గుజ్జు ఫ్యాక్టరీలవారూ, చుట్టుపక్కల పొదుపు సంఘాలవారూ ఒక బల్ల చుట్టూ కూర్చోవలసింది సంక్రాంతి వెళ్ళిన వారంలోనే. ఆ సమావేశాన్ని పిలవగలిగినవారు జిల్లా కలెక్టరు. ఏ రోజు పిలుస్తారో ప్రకటించాలి.